ఏటి అవతల కనిపించిన నెల

పిచ్చమ్మకు రవిక చేతులు బిగుతయ్యాయి. తప్పు కుట్టినవాళ్ళది కాదు, కొలతలిచ్చిన నెల లోపలే ఒళ్ళు చేసిన పిచ్చమ్మది. ఆ మాట ఆమె మొహాన అనగలిగినవాళ్ళు పట్టపుపాలెంలో ఇంకా పుట్టలేదు. అందుకని జైతూన్‌బీ ఆమె గుడిసె ముందు ఇసుకలో చతికిలబడి, చంక దగ్గర కుట్టు విప్పి, వేలెడు వదులు చేసి మళ్ళీ కుడుతోంది.

సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు ఎవరైనా కొస నోట్లో పెట్టుకుని తడిచేస్తారు. రంజాన్ నెలంతా జైతూన్‌బీ ఆ పని చెయ్యదు. కొంగున ముడేసుకున్న మైనపు ముక్క తీసి, దారాన్ని దానిమీద రెండుసార్లు లాగి, కొస వేళ్ళతో నులిమి ఎక్కిస్తుంది. దారం తడిపితే ఒక్కపొద్దు చెడుతుందా అని ఆమె భర్త చోటే సాహెబ్ నవ్వుతుంటాడు. చెడదని ఆమెకూ తెలుసు. కానీ చిన్నప్పుడు తండ్రి, ఊరి మసీదులో నమాజు చదివించే హుస్సేన్ సాహెబ్, వద్దన్నాడు. అంతే.

"నోట్లో పెట్టుకోరాదామ్మే! పొద్దుబొయ్యేలోపల అయ్యే పనేనా ఇది?" అంది పిచ్చమ్మ.

"ఇయ్యాళతో ఇరవై తొమ్మిది ఒక్కపొద్దులు గడిచినాయక్కా. ఒక్కరోజుకి ఇప్పుడెందుకు?"

"నెల కనపడితే రేపే మీ పండగ, లేదంటే ఎల్లుండి. అంతేనా?" పిచ్చమ్మ తల పైకెత్తి చూసి పెదవి విరిచింది. "యాడ కనపడతాది? మూడునాళ్ళ నించి ముసురు."

మార్గశిరం వెళ్ళిపోయినా వానలు వదల్లేదు. పాలెం ఉప్పుటేటికి తూర్పున, ఏటికీ సముద్రానికీ నడుమ ఇసుక దిబ్బమీద ఉంది. జైతూన్‌బీ వాళ్ళ ఊరు ఏటికి పడమటి ఒడ్డున, ముత్తుకూరు పోయే రోడ్డు పక్కన. ఆ ఊళ్ళో చోటే సాహెబ్‌ది కుట్టుమిషను, జైతూన్‌బీవి కాజాలు, గుండీలు, అంచులు. పాలెం ఆడవాళ్ళ రవికలు తెచ్చివ్వడం కూడా ఆమె వంతే.

రవిక అయ్యేసరికి పొద్దు వాలింది. పాలెంలో ఉన్న తురకల ఇల్లు ఒక్కటే, ఎండుచేపల వ్యాపారం చేసే దరియావలిది. ఒక్కపొద్దు విడిచి పొమ్మని అతని భార్య బీజాన్ కేకేసింది. ఇద్దరూ గుడిసె ముందు నిలబడి ఖర్జూరం నోట్లో వేసుకుని, మంచినీళ్ళు తాగారు. దరియావలి పక్కనే చాపమీద నమాజు చదువుకుని లేచాడు.

అప్పుడు మబ్బు విడింది. విడిందంటే ఆకాశమంతా కాదు. పడమట, ఏటి నీళ్ళకు కాస్త పైన, తలుపు ఓరగా తెరిచినంత. ఆ సందులో గోరు గీసినట్టు సన్నగా నెలవంక.

"బీజాన్! అదిగో!"

బీజాన్ వెంటనే పట్టుకుంది. దరియావలి కంటికి ఆనలేదు. "యాడమ్మా? యాడ?" అంటూ చెయ్యి నుదుట పెట్టుకుని తంటాలు పడ్డాడు. జైతూన్‌బీ అతన్ని పక్కకు జరిపి, రేవులో పాతిన గడకర్ర చూపించింది. "ఆ కర్ర కొస మీదుగా చూడు బాయ్, కొంచెం ఎడమకి." దరియావలి చూశాడు. "ఆఁ, ఆఁ" అన్నాడు. చేతులెత్తి దువా చేశాడు. వెనకనించి పిచ్చమ్మ కూడా తొంగి చూసి, "మా కంటికి గూడా కనపడింది, మాక్కూడా రేపు సేమియా పెట్టాల మీరు" అంది. మళ్ళీ మబ్బు మూసుకుంది.

జైతూన్‌బీ ఆఖరి తడవ పడవలో ఏరు దాటి, ఇంటికి దాదాపు పరిగెత్తింది. ఊరి పడమటివైపు తాటితోపు దట్టం. దాని వెనక ఆకాశం బొగ్గులా ఉంది. ఇక్కడ ఎవరికీ కనిపించి ఉండదని ఆమెకు అర్థమైంది. ఊరు మొత్తంలో చూసిన మనిషి తనొక్కతే. ఇంతవరకు ఊరికి చెప్పాల్సిన మాట ఏదీ ఆమె దగ్గర మొదట పుట్టలేదు. ఆ సంతోషం ఆమెకు గొంతుదాకా వచ్చింది.

చోటే సాహెబ్ ఇస్తిరి పెట్టెలో బొగ్గులు విసురుతున్నాడు. పండగ బట్టలు ఇంకా సగం మిగిలి ఉన్నాయి.

"నెల కనపడిందయ్యా! రేపే పండగ. నేను చూసినా."

"యాడ?"

"పాలెంలో. ఏటిమీద."

అతను విసనకర్ర ఆపలేదు. "ఊళ్ళో మొగోళ్ళందరం మసీదు మిద్దెక్కి నిలబడితే కనపళ్ళేదు. నీకు కనపడిందా? ఏ కొంగో తెల్లగా పొయ్యుంటది."

"కొంగకీ నెలకీ తేడా తెలీదా నాకు? నేను నాయన దగ్గరికి పొయ్యి చెప్పొస్తా."

"ఆగు. నువ్వు పొయ్యి చెప్తావు, ఆయన చాటిస్తాడు, తీరా కాదంటే ఆయన పరువేంగాను? వార్తలు రానీ. రేడియోలో చెప్తారుగా. అందాకా ఈ చొక్కాలకి కాజాలు కానియ్."

చోటే సాహెబ్ చెడ్డవాడు కాదు. భార్యను పల్లెత్తు మాట అనడు. కాకపోతే మద్రాసులో ట్రాన్సిస్టరు కొన్నప్పటినించి లోకంలో జరిగేవన్నీ ముందు ఆ తోలు సంచీలో జరిగి, ఆ తర్వాతే బయట జరుగుతాయని అతని నమ్మకం. దుకాణానికి వచ్చే రైసుమిల్లు గుమాస్తాలూ, లారీ వాళ్ళూ, కొట్ల యజమానులూ కూడా అదే మతం. జైతూన్‌బీ దీపం దగ్గర కూచుని కాజాలు కుట్టింది. ఒక్కో కాజా ముగిసినప్పుడల్లా తలెత్తి వీధివైపు చూసింది.

వార్తలు వచ్చాయి. ఎక్కడెక్కడి పట్నాల్లోనో నెలవంక కనిపించిందనీ, రేపే రంజాన్ అనీ చదివారు.

చోటే సాహెబ్ గంతేశాడు. "విన్నావా! నెల కనపడిందంట!" అన్నాడు భార్యతో. ఆమెకు కొత్తగా చెబుతున్నట్టే చెప్పాడు. ట్రాన్సిస్టరు భుజాన వేసుకుని, చెప్పులు కూడా తొడుక్కోకుండా మసీదు వైపు వెళ్ళాడు. జైతూన్‌బీ సూది బట్టలో గుచ్చి లేచింది.

మసీదు దగ్గర గొడవ అవుతోంది. హుస్సేన్ సాహెబ్ మెట్లమీద నిలబడి ఉన్నాడు. కింద అల్లుడు, చేతిలో ట్రాన్సిస్టరు. అల్లుడి వైపు పదిహేను మంది, మామ వైపు ముప్పై మంది.

"దేశమంతా పండగ చేసుకుంటా ఉంటే మనమొక్కళ్ళం ఒక్కపొద్దుండాలా మామా?"

"నెల చూసినోడెవురో నా ముందర నిలబడి 'నేను చూసినా' అని చెప్పాల. నేను వాడి మొహం చూడాల. ఎట్టాంటోడో, అబద్ధాలాడతాడో ఆడడో నాకు తెలియాల. నీ పెట్టెకి మొహముందా?"

"చదివినాయన పెద్ద చదువులు చదువుకున్నోడు మామా."

"ఆయన చూసినాడంటనా నెల? కాగితంలో ఉంటే చదివినాడు. కాగితం రాసినోడు చూసినాడా? వాడికెవురో చెప్పినారు. ఆ ఎవురో నాకు తెలీదు." హుస్సేన్ సాహెబ్ గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచడు. "మబ్బేసిన రోజు పండగ నెలకి ఇద్దరు మొగోళ్ళు సాక్షం చెప్పాల. లేదంటే ఒక మొగోడు, ఇద్దరు ఆడోళ్ళు. లేకపోతే ముప్పై నిండించుకోవాల. నేను పెట్టిన రూలు గాదిది."

కళాయిపూత వాళ్ళూ, బండ్లవాళ్ళూ, చాపలల్లేవాళ్ళూ ఆయన వెనక నిలబడ్డారు. వాళ్ళ పెళ్ళిళ్ళూ పంచాయితీలూ, చావులూ అన్నీ ఆయన నోటిమీదే జరిగాయి. రేడియో వాళ్ళ గుమ్మంలోకి ఎప్పుడూ రాలేదు, వచ్చి ఒక్క మంచీ చెడ్డా అడగలేదు.

చోటే సాహెబ్ బృందం తెల్లవారి మొదటి బస్సుకు నెల్లూరు పోయి ఈద్గాలో నమాజు చదువుకుంటామని తేల్చేసి వెళ్ళిపోయింది.

అందరూ వెళ్ళాక జైతూన్‌బీ తండ్రి గడపలోకి వచ్చింది. ఆయన మసీదు పక్కింట్లోనే ఒంటరిగా ఉంటాడు. లాంతరు వత్తి తగ్గిస్తున్నాడు.

"నాయనా, నెల కనపడింది. నేను చూసినా. పాలెంలో బీజాన్ కూడా చూసింది. ఇంకా..."

హుస్సేన్ సాహెబ్ వత్తి వదిలి ఆమె వైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే ఆమె నిలబడి ఉండేది. జాలి ఉంది.

"నీ మొగుడు నేర్పిచ్చి పంపినాడామ్మా?"

దరియావలి పేరు ఆమె నాలుక మీదే ఉంది. అది అక్కడే ఉండిపోయింది. పొద్దుగూకగానే వచ్చి చెప్పి ఉంటే అది ఆమె మాట అయ్యేది. వార్తలయ్యాక వచ్చింది, ఇప్పుడది రేడియో మాట. తన కళ్ళను ఒకాయన రేడియో చెప్పలేదని నమ్మలేదు, ఒకాయన రేడియో చెప్పిందని నమ్మలేదు. ఇదంతా ఆమె విడమర్చి చెప్పగలిగేదే. కానీ నాయన తనను అబద్ధాలాడే మనుషుల్లో ఒకదానిగా లెక్కేశాడన్న దుఃఖం ముందు అడ్డమొచ్చింది.

"లేదు నాయనా," అంది.

"రేపు ఒక్కపొద్దే. పొయ్యి పడుకో."

పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు పెద్దలు.

తెల్లవారకముందే లేచి ఆమె రెండు ముద్దలు తిని, నీళ్ళు తాగింది. తన ప్రయాణం కోసమే లేచిందనుకున్నాడు చోటే సాహెబ్. కొత్త లాల్చీ తొడుక్కుని, చెవిలో అత్తరు దూది పెట్టుకుని, "వచ్చేలోపల సేమియా చేసి పెట్టు" అన్నాడు. ట్రాన్సిస్టరు కూడా నెల్లూరు బయల్దేరింది.

మిగిలిన చొక్కాలు తీసుకుని ఆమె తండ్రి ఇంటికి వెళ్ళి పంచలో కూచుంది. అక్కడ వెలుతురు బాగుంటుంది. ఇంట్లో కూచుంటే సేమియా డబ్బా కళ్ళబడుతుంది, అది ఇంకో కారణం. గుండీలు కుట్టడం మొదలుపెట్టింది. మైనం మీద దారం లాగడం, నులమడం, ఎక్కించడం.

తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్ముకుంటూ పిచ్చమ్మ వచ్చింది. జైతూన్‌బీ పాత చీర చూసి ఆగింది.

"ఏందమ్మే, పండగపూట కొత్త కోక కట్టలేదే?"

"మాకు రేపంటక్కా."

"రేపేంది? నిన్న మనం చూసింది ఏంది మరి, పొట్లకాయ ముక్కా?" తట్ట దించింది. "చెప్పలేదా మీ వాళ్ళకి?"

"చెప్పినా."

పిచ్చమ్మకు ఆ ఒక్కమాటతో అంతా అర్థమైంది. ఆడవాళ్ళకు అర్థం కావడానికి అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. "మా మొగోళ్ళూ ఇంతే. నిరుడు రేడియోలో గాలివానన్నారని ఎవురో అంటే మూణ్ణాళ్ళు వలలు చుట్టబెట్టుకొని కూచున్నారు. గాలీ లేదు, వానా లేదు. అప్పట్నించి ఆ పెట్టె మాటెత్తితే ఉమ్మేస్తారు. దాన్ని ఎదురడగను గూడా లేదుగదా, ఎట్టా చెప్తివి, ఎందుకు చెప్తివి అని! మనిషైతే జుట్టు పట్టుకొని అడగొచ్చు." తట్ట ఎత్తించుకుంటూ గొంతు తగ్గించింది. "తింటివా ఏమన్నా?"

జైతూన్‌బీ తల అడ్డంగా ఊపింది. పిచ్చమ్మ కదిలింది. నాలుగడుగులు వేసి, "ఇంత మంచిదానివైతే ఎట్టామ్మే?" అని వెనక్కి తిరక్కుండానే అనేసి పోయింది.

మధ్యాహ్నం బస్సుకు నెల్లూరునించి పేపరు వచ్చింది. బడిపంతులు కామాక్షయ్య గారికి మనుషులమీదా నమ్మకం లేదు, రేడియోమీదా లేదు, అచ్చులో పడాలి. ఆయన రోడ్డుమీదే నిలబడి, పేపరు విప్పి, ఈ ఊరి తురకల తగువు తానొక్కడే తీర్చగలనన్న పెద్దరికంతో పైకి చదివాడు. నెల కనిపించిన పక్షంలో పండగ ఇవాళ, లేని పక్షంలో రేపు అని ఉంది. కామాక్షయ్య గారు దాన్ని ఇంకోసారి చదివి, పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం నమాజు అయింది. ఒక్కపొద్దు నీరసంతో జనం మసీదు మెట్లు మెల్లగా దిగుతున్నారు. అప్పుడే ఏటి దారినించి దరియావలి వచ్చాడు. కొత్త లుంగీ, ఇస్తిరి చొక్కా, తలకు జరీ టోపీ. చేతిలో తెల్లగుడ్డ కప్పిన పెద్ద గిన్నె. పదడుగుల దూరంలోనే నెయ్యివాసన వచ్చింది. ప్రతి ఏడూ పండగనాడు హుస్సేన్ సాహెబ్‌కు సేమియా తెచ్చిచ్చి, సలాం చెప్పిపోవడం అతని ఆనవాయితీ.

"పండగ ముబారక్ సాయిబూ!" అని కౌగిలించుకోవడానికి ముందుకు వచ్చాడు.

ఎవరూ కదల్లేదు. దరియావలి గిన్నె పట్టుకుని అందరి మొహాలూ చూశాడు. ఎవరింట్లోనో శవం లేచిందేమోనని అతనికి భయం వేసింది.

"ఎవురు జెప్పినారు నీకు, ఇయ్యాళ పండగని?" అన్నాడు హుస్సేన్ సాహెబ్. "మా అల్లుడి రేడియో ఏటి అవతలికి గూడా ఇనపడిందా?"

"రేడియో యాడిది సాయిబూ నాకు? నెల కనపడింది గదా నిన్న?"

"ఎవురికి?"

"నాకే. మా గుడిసె ముందర నిలబడి చూసినాం. నేను, బీజాను, మన జైతూన్‌బీ." అతను పంచలో కూచున్న ఆమె వైపు చేత్తో చూపించాడు. "నిజం చెప్పాలంటే ముందు చూసింది జైతూన్‌బీయే. నా కంటికి ఆనలేదు. రేవులో కర్రకొస మీదుగా చూడమని ఆమె చూపిచ్చినాక కనపడింది. అప్పటికి పడవ ఆఖరి తడవ గదా, వస్తే తిరిగి పొయ్యే దారి లేదని మేం రాలేదు. జైతూన్‌బీ పోతా ఉందిలే, ఆమె చెప్తాదనుకుంటి. చెప్పలేదా?"

హుస్సేన్ సాహెబ్ అతన్ని దగ్గరకు పిలిచి, దేవుడి సాక్షిగా చూశావా అని అడిగాడు. చూశానన్నాడు దరియావలి. అంతే. ఇంకో ప్రశ్న లేదు. సూది పట్టుకున్న జైతూన్‌బీ అది గమనించింది. ఒక మగవాడి నోట అదే మాట ఎంత తొందరగా నిజమైపోయిందో చూసి, తలదించి గుండీ బిగించింది.

ముసలాయన ముగ్గురినీ వేళ్ళమీద ఎంచాడు. లెక్క ఆయనకు తెలిసిందే. ఒక మగవాడు, ఇద్దరు ఆడవాళ్ళు. ఇప్పుడు కావాలంటే ఆయన సాక్షి ఆలస్యంగా వచ్చాడని ఊరుకోవచ్చు. దరియావలి అడిగిన చివరి ప్రశ్నకు జవాబు చెప్పకపోయినా ఆయన్ని నిలదీసేవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

"చెప్పింది," అన్నాడు పైకి, అందరికీ వినపడేలా. "రాత్రి నా గడపలోకొచ్చి చెప్పింది. నేనే నమ్మలేదు. ఇయ్యాళే పండగ. పండగనాడు ఒక్కపొద్దుండటం పాపం, అందరూ పొయ్యి నీళ్ళు తాగండి. తప్పు మీది గాదు, నాది. నమాజు రేపు పొద్దున చదువుకుందాం, దానికి వీలుంది."

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. "అయితే రేడియో నిజమే చెప్పిందన్నమాట," అన్నాడొకడు. ఇంకొకడు అవునన్నాడు. ఆ మాట ఇంకో నలుగురికి పాకేలోపల నెల్లూరు బస్సు వచ్చి ఆగింది. చోటే సాహెబ్ దిగాడు. ఎవరో ఎదురెళ్ళి సంగతి చెప్పారు. సగమే చెప్పి ఉంటారు.

"ఇప్పుడన్నా రేడియో మాట నమ్ముతావా మామా?" అంటూ నవ్వుతూ వచ్చాడు అతను. గెలిచినవాడి నవ్వే కానీ, అందులో ఎగతాళి లేదు.

"కూచో," అన్నాడు హుస్సేన్ సాహెబ్. "నెల కనపడిందని నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న వార్తల్లో."

"అంతకుముందు ఎవురూ చెప్పలేదా?"

చోటే సాహెబ్ నోరు తెరిచాడు. పంచలో భార్య తలెత్తి అతని వైపు చూస్తోంది. ఆమె మొహంలో ఫిర్యాదేమీ లేదు. అతనేం చెబుతాడో వినాలన్నట్టు ఉంది, అంతే. ట్రాన్సిస్టరు తోలుపట్టీ భుజంమీదనించి జారుతుంటే సర్దుకున్నాడు. కాసేపటికి దాన్ని తీసి అరుగుమీద పెట్టాడు. "చెప్పింది," అన్నాడు మెల్లగా.

ఆ తర్వాత ఎవరూ రేడియో మాట ఎత్తలేదు.

దరియావలి గిన్నె మీద గుడ్డ తీశాడు. మసీదు అరుగుమీద ఆకులు వేసి, అందరికీ తలా కొంచెం పెట్టారు. హుస్సేన్ సాహెబ్ తన ఆకు తీసుకుని పంచలోకి వచ్చి కూతురి పక్కన కూచున్నాడు. ఆమె చివరి చొక్కాకు కాలరు గుండీ కుడుతోంది. దారం అయిపోయింది. కొత్త దారం తుంచి, కొంగు ముడి విప్పి, మైనం ముక్క మీద దాన్ని లాగింది. ఒకసారి. రెండోసారి.

ఆయన చెయ్యి ఆకు మీదే ఆగింది.

"నువ్వు ఒక్కపొద్దున్నావా?"

ఆమె దారం కొస నులుముతోంది.

"నీ కళ్ళతో నువ్వు నెల చూసినావు. ఇయ్యాళ పండగని ఈ ఊళ్ళో అందరికన్నా ముందు నీకు తెలుసు. ఎందుకున్నావమ్మా?"

"నువ్వుండమన్నావు గదా నాయనా," అంది జైతూన్‌బీ.

హుస్సేన్ సాహెబ్ చెయ్యి చాచాడు. ఆమె చేతిలోని సూదీ దారమూ తీసుకుని చొక్కాకు గుచ్చి పక్కన పెట్టాడు. ఆకు ఆమె ముందుకు జరిపాడు. ఆమె తిని, నీళ్ళు తాగి, చెయ్యి కడుక్కునేదాకా ఆయన నోట్లో చుక్క నీళ్ళు పోసుకోలేదు.